పది నెలల్లో మూడు మాటలు

అత్తగారు తెచ్చిన ఖాళీ పెట్టె నాలుగు రోజులుగా గుమ్మం పక్కనే నోరు తెరుచుకుని పడి ఉంది. పాప బట్టలు అందులో సర్దమని ఆవిడ, సర్దనని టైలరమ్మ. ఇద్దరి మధ్యా పడలేక టైలరమ్మ భర్త పొద్దున్నే క్యారేజీ పుచ్చుకుని ప్రెస్సుకి వెళ్లిపోతున్నాడు, చీకటి పడ్డాక వస్తున్నాడు, తల్లి ముఖమూ పెళ్లాం ముఖమూ చూడకుండా నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

పోయిన వారం కథ ఆగిన చోట సంగతి ఇదీ. టైలరమ్మకీ, ఆమె భర్తకీ ఇద్దరికీ చెవులు వినపడవు. పాపకి పది నెలలు. "చెవులు వినపడని ఇంట్లో పిల్లకి మాటలెలా వస్తాయి? మూడేళ్లు నిండేదాకా మా అమ్మాయి ఇంట్లో ఉంచుతాను. నలుగురు మాట్లాడుకునే ఇల్లు. మాటలొచ్చాక మీ పిల్లని మీకు అప్పజెప్తాను" అని అత్తగారు తీర్మానించేసింది. తీర్మానించడమే కాదు, శుక్రవారం సాయంత్రం అయిదింటి బండికి టిక్కెట్లు కూడా తీసుకుంది.

ఇవాళ శుక్రవారం.

టైలరమ్మకి ముందుగదే కొట్టు. వీధివైపు కిటికీ, కిటికీ కింద మిషను, గది నడిమధ్య నడుమెత్తు కటింగు బల్ల. ఆ బల్లకి ఆమె నల్లరంగు వేయించుకుంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతోనే దాని మీద రాసి వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. వాళ్లూ రాస్తారు. చేతి పొడుగు, నడుము చుట్టుకొలత, ఎప్పటికిస్తావు, ఎల్లుండి, ఎల్లుండంటే ఎల్లుండేనా, అన్నీ ఆ బల్ల మీదే. సాయంత్రానికి తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే ఊరందరి మాటలూ పోయి మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది. గుమ్మం దగ్గర మీట నొక్కితే గంట మోగదు. మిషను మీది ఎర్రబల్బు వెలిగి ఆరుతుంది.

అత్తగారు ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి. పెదాలు చూసి మాట పట్టుకోవడానికి అంత సుఖమైన మనిషి ఇంకొకరు లేరు. ప్రతి అక్షరం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పలుకుతుంది. కానీ ఎవరి పెదాలకైనా ఒక చిక్కుంది. ప, బ, మ ఈ మూడింటికీ అవి ఒకేలా మూసుకుంటాయి. మొదటి రోజు ఆవిడ "పిల్లకి మాట కావాలి" అంటే టైలరమ్మకి "పిల్లకి పాట కావాలి" అని తోచింది. ఓస్, పాటేగా, దానికింత రాద్ధాంతమా అనుకుని, "రేడియో కొందాం" అని బల్ల మీద రాసింది. కోడలు తనని ఎగతాళి చేస్తోందనుకుని అత్తగారు ఆ పూట భోజనం మానేసింది.

ఆ పొరపాటు తర్వాత తేలింది గాని, అలక మాత్రం అలాగే ఉండిపోయింది.

పదిన్నరకి ఎర్రబల్బు వెలిగింది. నర్సమ్మ వచ్చింది. రెండేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకి వారానికోసారి వచ్చి చూసిపోవడం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్లూ వచ్చిన నర్సుకి బదిలీ అయింది. ఈమె కొత్త. రావడం ఇది మూడోసారి. లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూనే నవ్వుతుంది, చెప్పులు విప్పుతూనే పాపని పలకరిస్తుంది. వచ్చినప్పుడల్లా టైలరమ్మ దగ్గర రెండు చేతి గుర్తులు నేర్చుకుని పోతుంది. పోయిన వారం నేర్చుకున్న "బాగున్నావా?" ఇవాళ గుమ్మంలోనే చేసి చూపించింది. కొంచెం తప్పు చేసింది. "బలిసావా?" అన్నట్టు వచ్చింది. టైలరమ్మకి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

నర్సమ్మ చాప మీద కూలబడి సంచి విప్పింది. గుడ్డబంతి పాపకి చూపించి, చూస్తుండగానే దాని మీద గిన్నె బోర్లించింది. పాప ఒక్క క్షణం ఆలోచించి గిన్నె తోసేసి బంతి పట్టుకుంది. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. చిన్న రొట్టెముక్క అరచేతిలో పెడితే పాప చూపుడువేలూ బొటనవేలూ కలిపి దాన్ని తీసింది. తీసింది గాని తినలేదు. తల్లికి పెట్టబోయింది.

అంతలో కరెంటు అటూ ఇటూ అయి ఎర్రబల్బు దానంతటదే మిణుకుమంది. పాప తల ఎత్తి దానివైపు వేలు చూపించింది.

టైలరమ్మ ముందు పాప చూపు ఎటుందో చూసింది. తనూ అటే చూసింది. తర్వాత పాప కళ్ల ముందుకి వంగి, గుప్పిట మూసి వేళ్లన్నీ ఒక్కసారి విప్పింది: దీపం. విప్పి ఊరుకుంది. తొందరపెట్టలేదు. పాప తల్లి చేతిని చూసింది, బల్బుని చూసింది, మళ్లీ చేతిని చూసింది. ఆ తర్వాత తన చిట్టి గుప్పిట బిగించి, వేళ్లు ఒకటొకటిగా విప్పింది.

టైలరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పాలు అనడం నెల క్రితమే వచ్చింది. ఇంకా కావాలి అనడం పదిరోజులైంది. ఇది మూడోది. కొత్తది. ఇప్పుడే, ఈ చాప మీద పుట్టింది.

నర్సమ్మ సుద్దముక్క అందుకుని బల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది. "పది నెలలకి మూడు మాటలు! చాలా ఇళ్లలో ఈ వయసుకి ఒక్కటి కూడా ఉండదు."

కుర్చీలో కూర్చున్న అత్తగారు అది చదివి పెదవి విరిచింది. "చెయ్యి ఊపితే మాటవుతుందా నర్సమ్మా?"

"అవుతుందండీ పెద్దమ్మగారూ. ఏది చూస్తే ఏ గుర్తు చెయ్యాలో పిల్లకి తెలిసింది. మాటంటే అంతే కదా."

"నేనడిగేది నోటి మాట. ఈ చేతులకి అలవాటు పడ్డ పిల్ల నోరెందుకు తెరుస్తుంది చెప్పు?"

నర్సమ్మ ఆవిడకి నోటితో చెబుతూ, కోడలికి బల్ల మీద రాస్తూ పోయింది. ఆమె దస్తూరి అసలే కోడిగీతలు. మాటల వేగానికి రాత అందుకోలేక బల్ల అంచు దాటి కిందికి దిగబోయింది. అయినా టైలరమ్మ వదలకుండా చదివింది.

"మాటలు వినాలంటే మీరే ఇక్కడుండి మాట్లాడండి, ఎవరొద్దన్నారు? దానికి తల్లిని తప్పించడం దేనికి? ఈ వయసులో పిల్ల ఒక కూత కూస్తుంది, ఒక వేలు చూపిస్తుంది. అవతలినుంచి ఎవరో ఒకరు బదులివ్వాలి. బదులు అందినప్పుడల్లా ఆ బుర్రలో ఒక దారి పడుతుంది. అదే దారిలో పదిసార్లు నడిస్తే బాట అవుతుంది. బదులే రాకపోతే కొన్నాళ్లకి అడగడం మానేస్తుంది. ఆ బదులు చెవిలోంచి వచ్చిందా కంట్లోంచి వచ్చిందా అని బుర్ర పట్టించుకోదండీ. వచ్చిందా లేదా, అంతే. ఈ అమ్మాయి చూడండి, పిల్ల చూసిన వైపు తను చూసి, చెప్పి, ఆగింది. ఆ ఆగడం నేను నూరిళ్లలో నేర్పలేక చస్తున్నాను."

అత్తగారు చీరకొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. తుడిచిందే తుడుచుకుంది.

"సరే, ఇంకొక్కటే మిగిలింది" అంటూ నర్సమ్మ సంచిలోంచి చిన్న ఇత్తడి గంట తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు పాపకి ఎదురుగా కూర్చుని బొమ్మ చూపించు. నేను వెనకాల ఉంటాను" అని రాసింది.

గంట మోగిందో లేదో తెలుసుకునే దారి టైలరమ్మకి లేదు. అలాంటప్పుడు ఆమె చిన్నప్పటినుంచీ చేసే పని ఒకటే. వినపడేవాళ్ల ముఖాలు చూస్తుంది. కుక్క మొరిగినా, గిన్నె పడినా, ఎవరో పిలిచినా అన్నీ ముందు వాళ్ల ముఖాల్లోకే వస్తాయి. ఇప్పుడూ అలాగే అలవాటుగా అత్తగారి ముఖం వైపు చూసింది.

గంట ఇంకా నర్సమ్మ ఒళ్లోనే ఉంది. అత్తగారు మాత్రం అప్పటికే ముఖం కిటికీవైపు తిప్పేసుకుంది.

నర్సమ్మ చెయ్యి పాప కుడిచెవి వెనక ఊగింది. పాప బొమ్మ తోక నములుతోంది. ఎడమ పక్కన ఊగింది. పాప తోక వదిలి చెవి పట్టుకుంది, బొమ్మ చెవి. నర్సమ్మ ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని, కళ్లలోంచి మెల్లగా దిగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లి ఒక మూత, గరిటె తెచ్చింది. పాప వెనకాల నిలబడి కొట్టింది. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి ఠక్కున కాలు దించి కిటికీలోంచి తొంగి చూశాడు. టైలరమ్మ అరికాళ్లకింద కూడా చిన్న అదురు తెలిసింది.

పాప వెనక్కి తిరగలేదు.

నర్సమ్మ నెమ్మదిగా వచ్చి రాసింది. "కంగారు పడకు. గంట పరీక్షతో ఏదీ తేలదు. ముక్కు కారుతోంది, జలుబు చేసినా చెవులు మూసుకుపోతాయి. పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేసుంటారు. ఆ కాగితం ఉందా?"

"నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు" అని రాసింది టైలరమ్మ. రాసి, సుద్దముక్క అలాగే పట్టుకుని అత్తగారి వైపు తిరిగింది. ఆ గంట ఊగకముందే తిరిగిపోయిన ముఖం ఆమె కళ్లముందు ఇంకా ఉంది. బల్ల మీద ఖాళీ చోటు వెతికి రెండు ముక్కలు రాసింది.

"మీకు తెలుసు."

"నాకేం తెలుసు? నాకేం తెలీదు. బండికి టైమవుతోంది" అంది అత్తగారు లేస్తూ. గోడమీద గడియారం పదకొండు కూడా చూపించడం లేదు.

టైలరమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెళ్లయిన అయిదేళ్లలో అత్తగారి ముందు గట్టిగా చెయ్యి కూడా కదపని మనిషి. కాన్పు కాగానే, పాపతో చేతులతో మాట్లాడబోతే ఆవిడ రెండు మణికట్లూ పట్టుకుని ఒళ్లో పెట్టించి, "వద్దమ్మాయ్, పిల్లకి ఇదే అలవాటైపోతుంది" అంది. పెద్దావిడ కదా అని అప్పుడు ఊరుకుంది. ఆవిడ వచ్చి ఉన్నన్నాళ్లూ చేతులు ముడుచుకుని, ఆవిడ స్నానానికెళ్లినప్పుడు దొంగతనంగా పాపతో మాట్లాడింది. ఈ నాలుగు రోజులే తెగించింది. ఇవాళ ఆ తెగింపు కూడా చాలదని ఆమెకి తెలుస్తోంది.

బల్ల దగ్గరికి వచ్చి రాసింది. "కాగితం ఇవ్వండి అత్తయ్యా." ఒత్తిడికి సుద్దముక్క విరిగింది. ఇంకో ముక్క తీసింది. "ఆ కాగితం చూడందే ఈ గుమ్మం పాపా దాటదు, మీరూ దాటరు."

నర్సమ్మ పాపని ఒళ్లోకి తీసుకుని పక్కకి జరిగింది.

అత్తగారు ఆ అక్షరాలు చదివింది. తర్వాత చేతిసంచిలోంచి కళ్లజోడు పెట్టె తీసింది. దాని అడుగున అట్ట కింద, ఎనిమిది మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర నలిగి పీచులు తేలిపోయింది. పది నెలల్లో ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు మడిచిందో.

రెండు చెవులు, స్పందన అందలేదు. నెలలోపు తిరిగి పరీక్ష చేయించవలెను.

"నువ్వు మత్తులో ఉన్నావు. వినపడే మనిషిని నేనొక్కదాన్నే కదా అని నా చేతికిచ్చారు" అంది అత్తగారు. ఆ తర్వాత ఏదో అంటోంది గాని పెదాలు వణికిపోయి ఒక్క అక్షరమూ నిలబడటం లేదు. ముప్పై ఏళ్లు నోటితో బతికిన మనిషి నోరు మొదటిసారి కోడలికి చదవరాకుండా పోయింది. టైలరమ్మ సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టి బల్ల చూపించింది.

అత్తగారు వంగి రాసింది.

"మొదట మెషీను తప్పు అనుకున్నాను. తర్వాత మూత పడితే పిల్ల ఉలిక్కిపడలేదు. మా అమ్మాయి ఊళ్లో పెద్ద డాక్టరున్నాడు. తీసుకెళ్లి అన్నీ బాగుచేయించి తెద్దామనుకున్నాను. నీకు చెబితే..."

అక్కడ ఆగింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ రాసింది.

"నీలాంటి పిల్లే పుట్టిందని నువ్వు సంతోషిస్తావేమోనని భయం."

టైలరమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. మరుక్షణమే, నిజంగానే లోపల ఎక్కడో ఒక మూల చిన్న సంతోషం ఉందేమోనని తనని తను తడుముకుంది. ఏమో. ఉందో లేదో. భయమైతే ఉంది. కోపం గొంతుదాకా ఉంది.

"సంతోషమో ఏడుపో నాకూ తెలీదు అత్తయ్యా. అది నేను తర్వాత తేల్చుకుంటాను. కానీ ఇది వినదేమోనని తెలిసి కూడా నా చేతులు పట్టుకుని ఆపారు. చెవి లేదేమోనని అనుమానం ఉన్న పిల్లకి కంటిముందు మాట కూడా లేకుండా చెయ్యబోయారు. ఇప్పుడు తల్లిని కూడా లేకుండా చేస్తానంటున్నారు. నేను దొంగతనంగా చెప్పకపోయుంటే ఇవాళ దీనికి ఆ మూడు మాటలూ ఉండేవి కావు."

బల్ల నిండిపోయింది. తుడవడానికి గుడ్డ తీయబోతుంటే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆపడానికి కాదు. తనే గుడ్డ తీసుకుని ఒక మూల తుడిచి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ తుడుస్తూ, తుడుస్తూ రాస్తూ ఆవిడ చెప్పిన సంగతి ఇది.

ఆవిడ కొడుక్కి చెవులు వినపడవని తేలేసరికి రెండున్నరేళ్లు. అప్పట్లో ఒక పెద్దమనిషి, చేతులతో సైగలు చెయ్యనిస్తే మాట రాదు, చేతులు కదలనివ్వకండి అన్నాడు. ఆవిడ నమ్మింది. పిల్లాడి చేతులు తువ్వాలుతో కట్టి ఎదురుగా కూర్చోబెట్టుకుని "అమ్మ, అమ్మ" అని రోజుకి వందసార్లు చెప్పింది. డ్యూటీకి వెళ్లి అవతల ఊళ్ల వాళ్లందరికీ మాట కలిపి, ఇంటికొచ్చి కన్నకొడుకుతో ఒక్క మాట కలపలేక ఏడ్చింది. ఏడో ఏట విసిగి హాస్టలు బడిలో వేసింది. అక్కడ పిల్లలందరూ చేతులతో మాట్లాడుకుంటారు. మూడు నెలలకి వాడు సెలవులకి వచ్చాడు.

"గుమ్మంలో అడుగుపెడుతూనే నా ముందు నిలబడి ఇలా చేశాడు" అని రాసి, సుద్ద కింద పెట్టి అత్తగారు చేతులెత్తింది. రెండు వేళ్లు నుదుటికి ఆనించి, ముందుకి తెచ్చి, ఎదుటి మనిషి వైపు చూపి, అరచెయ్యి పైకి తిప్పింది. ఏళ్ల తరబడి లోపల దాచుకున్న గుర్తు కాబోలు, ఒక్క వేలు కూడా తప్పు పోలేదు. "మళ్లీ మళ్లీ చేశాడు. ఆకలేమో అనుకుని తిండి పెట్టాను. దాహమేమో అనుకుని నీళ్లిచ్చాను. బొమ్మేదో అడుగుతున్నాడని కొట్టుకి తీసుకెళ్లాను. వాడు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇరవై నాలుగేళ్లయింది. ఏం అడిగాడో వాణ్ణే అడుగుదామంటే నాకు ముఖం చెల్లలేదు. అమ్మాయ్, అదేంటో నీకు తెలుసా?"

టైలరమ్మకి కోపం ఉన్నచోటే ఉంది. కానీ ఆ చేతులు చూశాక దాన్ని కాస్త పక్కకి జరపక తప్పలేదు. సుద్దముక్క తీసుకుని, ఇంకెక్కడా చోటు లేక, బల్ల అంచున చిన్న అక్షరాలతో రాసింది.

"అమ్మా, నీ పేరేంటి?"

అత్తగారికి మొదట అర్థం కాలేదు. టైలరమ్మ కింద ఇంకో వాక్యం చేర్చింది. "మనుషులకి పేర్లుంటాయని ఆ బడిలోనే తెలిసుంటుంది. మీకూ ఒకటి ఉంటుందని అప్పుడే తట్టుంటుంది."

ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. వేలికింద సుద్ద చెదిరింది. బల్ల మీదే తల వాల్చేసింది. వీపు ఎగిసిపడుతోంది. నర్సమ్మ లేవబోయి, టైలరమ్మ వద్దన్నట్టు చూస్తే మళ్లీ కూర్చుంది. కొన్ని ఏడుపులకి ఎవరూ అడ్డం వెళ్లకూడదు.

కాసేపటికి అత్తగారు తలెత్తింది. నుదుటి మీద సుద్ద అంటుకుంది. పాప వైపు చూపించి, రాయకుండా, నోటితో కాకుండా, అరచెయ్యి తిప్పి అడిగింది. దీన్ని ఏమంటారు?

టైలరమ్మ ఒక క్షణం బిగుసుకుంది. పది నెలల్లో ఈవిడ అడగని ప్రశ్న. ఇవాళ అడిగింది గనక చెప్పెయ్యాలా? తర్వాత చూపుడువేలు బుగ్గ మీద ఆనించి చిన్నగా తిప్పింది. నవ్వితే అక్కడ సొట్ట పడుతుంది, పాపకి ఆ ఇంట్లో అదే పేరు. అత్తగారు తన బుగ్గ మీద వేలు పెట్టి తిప్పింది. పాప చూడలేదు. ఆవిడ లేచి, పాప చూపుకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, మళ్లీ తిప్పింది. తిప్పి, ఆగింది.

పాప బొమ్మ వదిలేసి నాయనమ్మ ముఖంలోకి చూసింది. ఎవరో పిలిస్తే చూసినట్టు. పిలిచారు కాబట్టే చూసింది. సొట్ట పడింది.

"నర్సమ్మా, ఈ టిక్కెట్లు నాకింక వద్దు" అంది అత్తగారు గొంతు సవరించుకుంటూ.

టైలరమ్మ అప్పటికే బల్ల తుడుస్తోంది. "పరీక్ష ఎక్కడ? ఎప్పుడు?" అని రాసింది.

"చెవుల కేంద్రం ఇవాళ రెండింటికి తెరుస్తారు. సోమవారమైతే రద్దీ తక్కువ" అని నర్సమ్మ రాస్తుండగానే టైలరమ్మ కింద గీత గీసింది. "ఇవాళే."

"వినపడుతుందని తేలితే పెద్దమ్మగారు పక్కనుండి కబుర్లు చెప్పాలి. వినపడదని తేలితే చెవికి పెట్టే యంత్రాలున్నాయి, డాక్టర్లు అన్నీ చెబుతారు. మీరూ ఆలోచించుకోవచ్చు. ఏది తేలినా ఒక్కటి మాత్రం మారదు. నువ్వు చేతులు ఆపకూడదు" అని రాసి నర్సమ్మ, చీటీ నింపడానికి ఆ పాత కాగితం అడిగింది.

టైలరమ్మ దాన్ని ఇస్తూ చివరిసారి కిందిదాకా చూసింది. అడుగున రెండు సంతకాలున్నాయి. మొదటిది అత్తగారిది. రెండోది చివరి అక్షరం తోక పొడుగ్గా లాగి, దాని కింద రెండు చుక్కలు పెట్టిన సంతకం.

అయిదేళ్లుగా పుట్టినరోజు కార్డుల మీద చూస్తున్న సంతకం.

అత్తగారు ఆమె చూపు పసిగట్టింది. "వాడికేం తెలీదు. నేను వేలు పెట్టిన చోట సంతకం చేశాడు, చదవలేదు" అంది గబగబా.

చదవలేదా? ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. అగ్గిపెట్టె మీది అక్షరాలు, మందుసీసా మీది అక్షరాలు, చివరికి పకోడీ పొట్లం కాగితం కూడా చదవందే పారెయ్యడు. అచ్చుతప్పు కనిపిస్తే జేబులోంచి ఎర్రకలం తీసి దిద్దుతాడు. ఆ మనిషి కూతురి కాగితం చదవకుండా సంతకం పెట్టాడంటే టైలరమ్మ నమ్మదు.

పాపని చంకనేసుకుంది. కాగితం జాకెట్టులో దోపుకుంది. చెప్పులు ఎడంది కుడికాలికి తొడుక్కుని, సగం మెట్లు దిగాక గమనించి మార్చుకుంది. రెండు వీధుల అవతలే ప్రెస్సు.

లోపల అచ్చుయంత్రాలు నడుస్తున్నాయి. ఆ అదురు ఆమె అరికాళ్లలోంచి మోకాళ్లదాకా వస్తోంది. పాపకి కూడా తెలిసినట్టుంది, తల్లి మెడని గట్టిగా పట్టుకుంది. కిటికీ పక్క బల్ల దగ్గర భర్త ఎర్రకలంతో ఏదో దిద్దుతున్నాడు. నీడ పడేసరికి తలెత్తాడు. ముందు పాపని చూసి నవ్వాడు. తర్వాత ఆమె జాకెట్టులోంచి తీసి విప్పిన కాగితాన్ని చూశాడు. కలం కింద పెట్టేశాడు.

ఆమె పాపని బల్ల మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అడిగింది. "చదివావా?"

"చదివాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే."

"మీ అమ్మ సరే. నువ్వెందుకు దాచావు?"

అతను బల్ల సొరుగు లాగాడు. ప్రూఫుల కట్టల అడుగునుంచి పొడుగాటి కవరొకటి తీసి ఆమె ముందు పెట్టాడు. అంటించింది అంటించినట్టే ఉంది. అంచులు పసుపెక్కాయి.

"రెండో పరీక్ష నేనే చేయించాను. పాపకి నలభై రోజులప్పుడు. నువ్వు జ్వరంతో పడుకున్నావు, గుర్తుందా? ఎండలో తిప్పుకొస్తానని తీసుకెళ్లాను, ఆ రోజు. వాళ్లు ఏదో చెబుతున్నారు. నేను పెదాల వైపు చూడలేదు. కవరు పుచ్చుకుని వచ్చేశాను."

"ఎనిమిదిన్నర నెలలు తెరవకుండా పెట్టుకున్నావా?"

"వినపడదని ఉంటే అమ్మ ఇంకోసారి చచ్చిపోతుంది. వినపడుతుందని ఉంటే పాపని మన దగ్గరనుంచి తీసుకెళ్లిపోతుంది. నాకు రెండూ భయమే. ఏది రాసున్నా నాకొద్దనిపించింది."

గుమ్మంలో నీడ కదిలింది. అత్తగారు. పరుగులాంటి నడకతో వచ్చిందేమో, ద్వారబంధం పట్టుకుని ఆయాసపడుతోంది. వెనకాల నర్సమ్మ.

టైలరమ్మ పాపని భర్త చేతుల్లో పెట్టింది. అలా పెడుతూ అతని కళ్లలోకి సూటిగా చూసింది. నువ్వు భయపడ్డావు, నేను భయపడను అని ఆ చూపుకి అర్థం. బల్ల మీది కాగితాలు కోసే కత్తి తీసుకుని కవరు అంచున పెట్టి ఒక్క గీత గీసింది.

లోపల ఒకే కాగితం. విప్పి చదివింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి చదివింది. మూడో వరుసలో ఒక మాట దగ్గర వేలు ఆగిపోయింది.

తలెత్తేసరికి ముగ్గురూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె కాగితాన్ని బల్ల మీద బోర్లించి, అందులో ఏముందో చెప్పడానికి రెండు చేతులూ పైకెత్తింది.

(మిగతా వచ్చే వారం)